తొంభై ఆరు మైళ్ళ సడక్, అరవై లక్షల కర్జ్

అమెరికాలోని సౌత్ కరోలినా రాష్ట్రంలో ఒక చిన్న ఊరుంది. పేరు నైంటీ సిక్స్. తొంభై ఆరు అన్నమాట! ఊరికి అంకె పేరేమిటని ఎవరికైనా అనిపిస్తుంది. దీని గురించి ఎక్కువమంది చెప్పే కిస్సా ఒకటుంది. చార్లెస్టన్ బందరు నుంచి ఇంగ్లీషు బేపారులు గుర్రాల మీద సరుకులేసుకుని లోపలి కొండల్లోకి, చెరోకీ కబీలాల దగ్గరికి వెళ్ళేవాళ్ళు. చెరోకీల ముఖ్యమైన ఊళ్ళలో ఒకటి కియోవీ. అక్కడికి ఇంకా తొంభై ఆరు మైళ్ళుందని అంచనా వేసుకుని, దారిలో ఆగే మజిలీకి ఆ అంకెనే పేరుగా పెట్టుకున్నారు. అంటే ఆ ఊరి పేరే ఒక మైలురాయి.

ఇప్పుడు ఆ పాత ఊరు లేదు. కొత్త ఊరికి రెండు మైళ్ళ దక్షిణాన, 248వ నంబరు సడక్ పక్కన ఆ జాగాను జాతీయ చారిత్రక స్థలంగా కాపాడుతున్నారు. అమెరికాలో ఊళ్ళ మీదుగా వెళ్తుంటే సడక్ పక్కన స్తంభాలకు బిగించిన లోహపు పలకలు కనిపిస్తాయి. ఇక్కడ ఫలానా జంగ్ జరిగింది, ఈ దారిన ఫలానా తిజారత్ నడిచింది అని పది పన్నెండు వరుసల్లో రాసి ఉంటుంది. గ్రీన్‌విల్‌లో ఉండే మా ఖాలా కొడుకు కారులో నేనూ అటువైపు వెళ్ళాను. అలాంటి పలక ముందు నిలబడి ఒక్కో వరుసా చదువుతుంటే వాడి కొడుకు, ఎనిమిదో తరగతి పిల్లాడు, విసుక్కున్నాడు. "ఇది వీళ్ళ తారీఖ్ కదా చాచా, మనకేం పని?" అన్నాడు.

మంచి సవాలే. దానికి జవాబు చెప్పడానికే ఇది రాస్తున్నాను. జవాబు కాస్త పొడుగు. కొండల్లో మొదలై సర్కారు జిల్లాల దాకా వస్తుంది. సబర్‌తో చదవండి.

ముందు సడక్ సంగతి. తోపుల కంటే ముందు ఆ దారిన నడిచింది జింక తోలు. 18వ శతాబ్దం మొదట్లో చార్లెస్టన్ నుంచి ఇంగ్లండుకి ఏటా సగటున 50 వేలకు పైగా తోళ్ళు ఓడలెక్కేవి. అక్కడ వాటితో చేతి తొడుగులు, లాగులు, పుస్తకాల అట్టలు చేసేవాళ్ళు. బదులుగా చెరోకీ, క్రీక్ కబీలాలకు తుపాకులు, తుపాకి మందు, గొడ్డళ్ళు, కంబళ్ళు, పూసలు, రమ్ము వచ్చేవి. వినడానికి ఇది సాఫ్ సీదా సౌదాగరీ. వీళ్ళకి కావలసింది వాళ్ళు ఇస్తారు, వాళ్ళకి కావలసింది వీళ్ళు ఇస్తారు.

కాని మధ్యలో ఖాతా పుస్తకం ఉంది. వేటకు పోయే ముందు మందు, గుండ్లు ఉద్దెరకి ఇవ్వడం, వేట నుంచి వచ్చాక తోళ్ళతో చెల్లు రాసుకోవడం. ఏ ఏడు వేట తగ్గినా బాకీ మిగిలిపోతుంది. మరుసటి ఏడు ఆ బాకీ మీద కొత్త ఉద్దెర. మన పల్లెల్లో విత్తనాలకీ ఎరువులకీ అప్పుపెట్టి, పంట కళ్ళంలోనే పట్టుకుపోయే షావుకారుని చూసిన వాళ్ళకి దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు.

1751లో రాబర్ట్ గౌడీ అనే బేపారి నైంటీ సిక్స్ దగ్గర దుకాణం పెట్టాడు. బట్ట, చెప్పులు, మందు, పనిముట్లు, రమ్ము అమ్మాడు. ధాన్యం పండించాడు, పశువుల్ని పెంచాడు, బ్యాంకులా అప్పులూ ఇచ్చాడు. 1,500 ఎకరాలకు పైగా కూడబెట్టాడు. 1775లో అతను చనిపోయేనాటికి దాదాపు 500 మంది అతనికి బాకీ ఉన్నారు. ఊరు కాని ఊళ్ళో, అడవి అంచున, ఒక్క దుకాణానికి 500 మంది బాకీదారులు! 1759లో చెరోకీలతో లడాయి ముదిరినప్పుడు సర్కారు కట్టిన మొదటి కోట కూడా ఈ గౌడీ గాదె చుట్టూనే లేచింది. గాదె ముందు, కోట తర్వాత. ఈ వరుస గుర్తుపెట్టుకోండి.

ఇక ఆ బాకీలు ఏమయ్యాయి? 1773లో పక్కనే ఉన్న జార్జియాలో, అగస్టా అనే ఊళ్ళో ఒక అహద్‌నామా జరిగింది. క్రీక్, చెరోకీ కబీలాలు బేపారులకు పడ్డ బాకీలు రద్దవుతాయి. అందుకు బదులుగా ఇరవై లక్షల ఎకరాలకు పైగా భూమి ఇంగ్లీషు వాళ్ళకి రాసివ్వాలి. రాసిచ్చారు. ఒక్క తుపాకి పేలలేదు. తోళ్ళ లెక్కలో మొదలైన బాకీ ఎకరాల లెక్కలో తీరింది.

ఇది ఏదో బేపారుల మాయ అని వదిలేయడానికి లేదు. తర్వాత ముప్పై ఏళ్ళకి, ఆజాదీ వచ్చిన అమెరికాలో ప్రెసిడెంట్ అయిన థామస్ జెఫర్సన్ 1803లో విలియం హెన్రీ హారిసన్‌కి ఒక ఖత్ రాశాడు. కబీలాల పెద్దలు సర్కారు దుకాణాల్లో బాగా అప్పుల పాలైతే మనకి మంచిదే, తీర్చలేనప్పుడు భూములు వదులుకోవడానికి వాళ్ళే ఒప్పుకుంటారు అన్నది దాని సారాంశం. అంటే దుకాణంలో పుట్టిన ఉపాయం హుకూమత్ పాలసీ అయ్యింది. గద్దె మీద రాజు మారాడు, ఖాతా పుస్తకం మారలేదు.

ఇప్పుడు జంగ్ దగ్గరికి వద్దాం. అమెరికా జంగె ఆజాదీలో నైంటీ సిక్స్‌కి రెండుసార్లు వంతు వచ్చింది. మొదటిది 1775 నవంబరులో, 19 నుంచి 21 దాకా. ఇంగ్లండు రాజు వైపున్న సుమారు 1,900 మంది, ఆజాదీ కోరే సుమారు 600 మందిని చుట్టుముట్టారు. కాల్పుల తర్వాత సులహ్ కుదిరింది. సౌత్ కరోలినాలో ఆజాదీ పక్షాన చనిపోయిన మొదటి మనిషి జేమ్స్ బర్మింగ్‌హామ్ ఇక్కడే పడిపోయాడు.

మరుసటి ఏడాది, 1776 వేసవిలో, ఆ ఆజాదీ దళాల సర్దార్ ఆండ్రూ విలియమ్సన్ ఫౌజు తీసుకుని ఆ తోళ్ళ దారి చివరికి వెళ్ళాడు. కియోవీ సహా కింది చెరోకీ ఊళ్ళను తగలబెట్టాడు. పైరునీ వదల్లేదు. 1777 సులహ్‌తో చెరోకీలు సౌత్ కరోలినాలో మిగిలిన భూమిలో దాదాపు అంతా పోగొట్టుకున్నారు. ఏ ఊరికి తొంభై ఆరు మైళ్ళని ఈ ఊరికి పేరు పెట్టారో ఆ ఊరే లేకుండా పోయింది. ఇప్పుడు కియోవీ జాగా ఒక రిజర్వాయరు నీళ్ళ అడుగున ఉంది. దూరం చెప్పే పేరు మిగిలింది, చేరాల్సిన ఊరు మునిగిపోయింది.

రెండో జంగ్ 1781లో. అంతకు ముందు ఏడాది చార్లెస్టన్ ఇంగ్లీషు వాళ్ళ చేతికి చిక్కింది. లోపలి సడకులన్నీ కలిసే చోటు కాబట్టి నైంటీ సిక్స్‌లో వాళ్ళు ఠాణా పెట్టారు. మట్టితో ఎనిమిది కొనల నక్షత్రం ఆకారంలో కోట కట్టారు. ఆజాదీ ఫౌజుల జనరల్ నథానియెల్ గ్రీన్ దాదాపు వెయ్యిమందితో వచ్చి మే 22న ముట్టడి మొదలుపెట్టాడు. పోలండు నుంచి వచ్చిన ఇంజనీరు కోష్చుష్కో వంకర టింకరగా మోర్చాలు తవ్వించుకుంటూ కోట గోడల దాకా తెచ్చాడు. సొరంగం కూడా తవ్వించాడు. 28 రోజులు సాగింది. ఆజాదీ కోసం జరిగిన ఆ జంగ్‌లో అది అతి పొడుగైన ముట్టడుల్లో ఒకటి.

చిత్రమేమిటంటే కోట లోపల ఉన్న సుమారు 550 మంది ఇంగ్లండు నుంచి దిగిన వాళ్ళు కాదు. న్యూయార్క్, న్యూజెర్సీ, సౌత్ కరోలినా వాళ్ళే. వాళ్ళ కమాండర్ క్రూగర్ కూడా న్యూయార్క్ వాడే. బయట అమెరికన్లు, లోపల అమెరికన్లు. భాయీ భాయీ కొట్టుకున్న జంగ్ అది.

లోపల ఇంకొందరు కూడా ఉన్నారు. ఆ మట్టి గోడల్ని లేపినవాళ్ళలో గులాములుగా తెచ్చిన నల్లజాతి మనుషులున్నారు. ముట్టడి ముదిరి ఏరు దగ్గరికి పోకుండా దారి మూసేసినప్పుడు, రాత్రిపూట చీకట్లో కలిసిపోతారని వాళ్ళనే బట్టల్లేకుండా నీళ్ళకు పంపారు. తుపాకుల నడుమ పాక్కుంటూ వెళ్ళి ఒక కోట మొత్తానికి గొంతు తడిపిన ఆ మనుషుల పేర్లు ఎవరూ రాసిపెట్టలేదు. ఏ ఆజాదీ కోసం ఇరువైపులా కొట్టుకున్నారో అందులో వాళ్ళకి వాటా లేదు.

జూన్ 18న గ్రీన్ ఆఖరి దెబ్బ కొట్టి చూశాడు. గోడ లొంగలేదు. దాదాపు 150 మంది చనిపోవడమో, గాయపడడమో, జాడ తెలియకపోవడమో అయ్యింది. ఎక్కువ ఆగడానికి వీల్లేదు. ఎందుకంటే చార్లెస్టన్ నుంచి దాదాపు 2,000 మందితో ఇంగ్లీషు ఫౌజు కోటను కాపాడ్డానికి వస్తోంది. వాళ్ళలో చాలామంది ఐర్లండు నుంచి అప్పుడే ఓడ దిగినవాళ్ళు. గ్రీన్ వెనక్కి తగ్గాడు. జూన్ 21న ఆ ఫౌజు కోట చేరింది. కాని కోటను నిలుపుకునే బలం వాళ్ళకీ లేదు. జులైలో ఊరికి నిప్పుపెట్టి, రాజు పక్షాన ఉన్న కుటుంబాల్ని వెంటబెట్టుకుని సముద్రం వైపు వెళ్ళిపోయారు. జంగ్ గెలిచినవాళ్ళే ఊరు తగలబెట్టి పోయారు.

ఆ ఫౌజును నడిపించుకుంటూ వచ్చిన నౌజవాన్ అఫ్సర్ పేరు లార్డ్ ఫ్రాన్సిస్ రాడన్. అప్పటికి 26 ఏళ్ళు. సౌత్ కరోలినాలో అతని కథ అక్కడితో అయిపోయింది. ఆరోగ్యం చెడి ఇంగ్లండు ఓడ ఎక్కేశాడు. పలకల మీద కూడా అతని కథ అక్కడితో సరి. మనకి మాత్రం అక్కడే మొదలు.

ఎందుకంటే ఈ రాడనే తర్వాత ఎర్ల్ ఆఫ్ మోయిరా అయ్యాడు. 1813లో గవర్నర్ జనరల్‌గా కలకత్తాలో దిగాడు. నేపాల్‌తో జంగ్, పిండారీలతో, మరాఠాలతో జంగ్ చేశాడు. మార్క్విస్ ఆఫ్ హేస్టింగ్స్ అన్న ఖితాబు అందుకున్నాడు. మన పాఠాల్లో ముందు వచ్చే వారన్ హేస్టింగ్స్ వేరు, ఈయన వేరు. ఉర్దూ మీడియం బడిలో తారీఖ్ పాఠం బట్టీ పట్టిన మాకు 'లార్డ్ హేస్టింగ్స్' అన్న పేరు తెలుసు గాని, ఆయన జవానీ సౌత్ కరోలినా సడకుల మీద గడిచిందని ఏ కితాబూ చెప్పలేదు.

ఆయన హుకూమత్ నడుస్తున్న రోజుల్లోనే హైదరాబాద్‌లో పామర్ అండ్ కంపెనీ అనే కోఠీ జోరుగా సాగింది. దాని మాలిక్ విలియం పామర్. తండ్రి ఇంగ్లీషు జనరల్, తల్లి ఫైజ్ బక్ష్ అనే ముసల్మాన్ బేగం. పామర్ ముందు నిజాం ఫౌజులో పనిచేశాడు. తర్వాత అప్పుల వ్యాపారంలోకి దిగాడు. అప్పట్లో గద్దె మీద మూడో నిజాం సికందర్ జా. పెత్తనం మాత్రం పేష్కార్ చందూలాల్‌ది. కంపెనీ వాళ్ళు తమ అఫ్సర్ల కింద నడిపించే ఫౌజుకు జీతాలు నిజాం ఖజానా ఇవ్వాలి. ఖజానాలో లేవు. పామర్ ఇచ్చాడు. ఆనాటి వడ్డీ ఏటా నూటికి 24 దాకా పోయింది. జామీను ఏమిటి? జిల్లాల శిస్తు. అంటే రైతు ఇంకా కోయని పంట మీద కోఠీ వాళ్ళ దస్తఖత్ పడిపోయింది.

దేశంలోని రాజులకూ నవాబులకూ కంపెనీ ఇజాజత్ లేకుండా ఇంగ్లీషు ప్రజలెవరూ అప్పివ్వకూడదని బ్రిటిష్ పార్లమెంటు చట్టం చేసి ఉంది. 1816లో గవర్నర్ జనరల్ పామర్ కోఠీకి ఆ ఇజాజత్ ఇచ్చాడు. కోఠీలో ఒక వాటాదారు సర్ విలియం రంబోల్డ్. ఆయన బేగం స్వయంగా గవర్నర్ జనరల్ ఇంట్లో బిడ్డలా పెరిగిన అమ్మాయి. రిష్తా ఎక్కడ కలిసిందో చూశారా! 1820లో నిజాం సర్కారుకి 60 లక్షల కొత్త అప్పు మంజూరుకి వచ్చినప్పుడు కలకత్తా కౌన్సిల్ రెండుగా చీలింది. గవర్నర్ జనరల్ తన ఓటు వేసి దాన్ని గట్టెక్కించాడు.

ఆ ఏడాది చివర్లో రెసిడెంటుగా వచ్చిన చార్లెస్ మెట్‌కాఫ్ హిసాబ్ తిరగేశాడు. ఆ 60 లక్షల్లో 8 లక్షలు కోఠీ వాళ్ళకి బోనస్‌గా పోయినట్టు తేలింది. మిగిలినదానిలో చాలామటుకు పాత బాకీకే కొత్త పేరు. 'అప్పు చేసి పప్పు కూడు' అని మన సామెత. ఇక్కడ పప్పు కూడు తిన్నవాళ్ళు ఒకరు, అప్పు మోసినవాళ్ళు ఇంకొకరు. ఒక్క మాట ఇన్సాఫ్‌గా చెప్పుకోవాలి: రాడన్ జేబులోకి ఇందులో పైసా పోయిందని ఎవరూ రుజువు చేయలేదు. ఆయన నిజాయితీ మీద మచ్చ లేదని తర్వాత కంపెనీ వాటాదారుల సభ కూడా అంది. కాని 1823 జనవరిలో ఆయన కలకత్తా వదిలి వెళ్ళేటప్పుడు ఈ మామ్లా ఆయన వెంటే వెళ్ళింది.

ఇక చివరి లెక్క. ఇప్పటి కోస్తా జిల్లాల్ని అప్పట్లో ఉత్తర సర్కారులు అనేవారు. శ్రీకాకుళం, రాజమండ్రి, ఏలూరు, ముస్తఫానగర్ అని రాసే కొండపల్లి, ముర్తజానగర్ అని రాసే గుంటూరు. 1766 సులహ్ నుంచి ఒక్కొక్కటిగా ఇవి కంపెనీ చేతికి పోయినా, కంపెనీ నిజాముకి పేష్కష్ కట్టేది. చివరికి అది ఏటా 7 లక్షలు. ఆ భూమికి అసలు మాలిక్ ఎవరో గుర్తుచేసే ఆఖరి నిషాన్ ఆ 7 లక్షలే. 1823లో పామర్ బాకీ తీర్చడానికి కంపెనీ డబ్బు సర్దింది. బదులుగా ఆ పేష్కష్‌ను శాశ్వతంగా మాఫీ చేయించుకుంది. నూటికి 6 చొప్పున ఏటా 7 లక్షలు రావాలంటే అసలు ఎంతుండాలో లెక్క కట్టి, 1 కోటి 16 లక్షల 66 వేల 666 రూపాయలుగా తేల్చారు. ముర్తజానగర్, ముస్తఫానగర్ మీద మిగిలిన ఆ కాస్త హక్కూ ఒక కోఠీ ఖాతాలో జమ అయిపోయింది. మరుసటి ఏడాదే ఆ కోఠీ కూడా దివాలా తీసింది.

ఇప్పుడు రెండు లెక్కల్నీ పక్కపక్కన పెట్టండి. 1773లో అగస్టాలో బేపారుల బాకీ రద్దు, బదులుగా కబీలాల భూమి. 1823లో హైదరాబాద్‌లో కోఠీ బాకీ చెల్లు, బదులుగా సర్కారుల మీది హక్కు. మధ్యలో యాభై ఏళ్ళు, రెండు సముద్రాలు. రెండూ ఒకటే అని నేననను. చెరోకీలు ఊళ్ళు, పొలాలు, ఇళ్ళు పోగొట్టుకున్నారు. తర్వాతి తరాల్లో ఆ కొండల నుంచే వెళ్ళగొట్టబడ్డారు. నిజాముకి గద్దె మిగిలింది, జవహరాత్ మిగిలాయి. పోగొట్టుకున్నది తన మాటకున్న విలువ. శిస్తు కట్టి కట్టి ఊళ్ళు వదిలిపోయింది రైతులు. ఆ రైతులలో హిందువులూ ఉన్నారు, ముసల్మానులూ ఉన్నారు.

మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు నిజాం దౌలత్ గురించి చెప్పే కిస్సాలు మనందరికీ ఇష్టం. వజ్రాన్ని పేపర్‌వెయిట్‌గా వాడారనే మాట వినని పిల్లలుండరు. సర్కారులు ఎలా పోయాయంటే మాత్రం 'అంగ్రేజుల దగా' అని ఒక్క మాటతో తేల్చేస్తాం. దగా ఉంది, లేదనను. కాని ఆ దగా లోపలికి రావడానికి దర్వాజా తీసింది మన దర్బారే. జీతాలివ్వలేని ఖజానా, లెక్క అడగని మాలిక్, రైతు పంటను తాకట్టు పెట్టిన పేష్కార్. ఈ భాగం పిల్లలకి చెప్పకపోతే వాళ్ళకి గర్వం మిగులుతుంది, అకల్ మిగలదు. రేపు వాళ్ళ దస్తఖత్ కోసం ఎవరో కాగితాలు చాపినప్పుడు పనికొచ్చేది ఆ అకలే.

సౌత్ కరోలినా పలకల్ని నేను తక్కువ చేయడం లేదు. సడక్ పక్కన పది వరుసలైనా రాసి నిలబెట్టారు, అదే గొప్ప. మన దగ్గర కొండపల్లి ఖిల్లా దారిలో, గుంటూరు బజారులో 'ఈ భూమి హక్కు 1823లో ఒక బాకీ కింద చెల్లయింది' అని చెప్పే పలక నేను చూడలేదు. కాని ఏ పలకకైనా ఒక కమ్‌జోరీ ఉంది. జంగ్‌కి తేదీ ఉంటుంది, జనరల్‌కి పేరుంటుంది, కాబట్టి అవి లోహం మీదికి ఎక్కుతాయి. బాకీకి ఒక్క తేదీ ఉండదు. ఏళ్ళ తరబడి, పొద్దు పొద్దునా, ఖాతా పుస్తకంలో సన్నని సిరాతో పెరుగుతుంది. నీళ్ళు మోసినవాళ్ళకి పేరుండదు. తోలు మోసినవాళ్ళకి ఉండదు. శిస్తు కట్టినవాళ్ళకీ ఉండదు.

కాబట్టి అమెరికాలో ఉన్న మన పిల్లలకి నేను చెప్పేదిదే. సడక్ పక్కన అలాంటి పలక కనిపిస్తే కారాపి చదవండి. ఎవరు గెలిచారన్నది అక్కడే రాసి ఉంటుంది. ఆ సడక్ మీద అంతకుముందు ఏ సరుకు నడిచింది, ఎవరు ఎవరికి బాకీ పడ్డారు, ఆ బాకీ దేంతో తీరింది అని మీరు అడగండి. ఇక్కడున్న వాళ్ళకీ అదే మాట. ఇంట్లో పాత సందూకులో తాతల నాటి దస్తావేజులుంటే, పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని, ఉర్దూ చదవగలిగిన పెద్దవాళ్ళు ఉండగానే వాటిని చదివించండి. ఏ పొలం ఎందుకు పోయిందో అందులో రాసి ఉంటుంది.